వాన ఊళ్లో విరాటపర్వం



మా నెల్లూరు పల్లెల్లో వాన ముఖం చాటేస్తే పెద్దవాళ్లు చెప్పే మందు ఒకటుండేది: విరాటపర్వం చదివించండి. రామాలయం అరుగు మీద దీపం పెట్టి, తిక్కన పద్యాలు రాగం తీసి చదివేవారు. ఉత్తర గోగ్రహణం అయిపోయినా మబ్బు పట్టకపోతే తప్పు తిక్కనది కాదు, చదివినాయన యతి దగ్గర తడబడ్డాడని తేల్చేసేవారు. ముప్పై అయిదేళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఆ కథ నాకు కొట్టిన పిండి. దాన్ని మోసుకెళ్లి, ఎవరూ పిలవకుండానే వాన వచ్చే ఊళ్లో, అదీ ఒక పబ్బులో కూర్చుని చెప్పి వచ్చాను. ఆ సంగతే ఈ పూట మీకు చెబుతాను.

ఊరి పేరు కార్లింగ్‌ఫోర్డ్. ఐర్లండ్ తూర్పు తీరంలో, లౌత్ కౌంటీలో, డబ్లిన్‌కూ బెల్‌ఫాస్ట్‌కూ ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది. మా అమ్మాయీ అల్లుడూ డబ్లిన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఒక శనివారం కారులో బయలుదేరితే గంటన్నర లోపే చేరాం. జనాభా పదిహేను వందల చిల్లర. మన వైపు అయితే ఒక మోస్తరు పల్లె. వెనక స్లీవ్ ఫోయ్ అనే కొండ, దాదాపు 590 మీటర్ల ఎత్తు, ఊరిని వీపున ఆనించుకుని కూర్చున్నట్టు ఉంటుంది. ముందు నీళ్లు. అది చెరువూ కాదు, నదీ కాదు. భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. వెయ్యేళ్ల కిందట పడవల మీద వచ్చిన వైకింగులు దీనికి తమ భాషలో ‘ముసలమ్మ పాయ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారట. అదే నలిగి నలిగి కార్లింగ్‌ఫోర్డ్ అయింది.

కారు దిగి ఆ నీళ్ల అంచున నిలబడ్డామో లేదో మా అల్లుడి ఫోను గణగణలాడింది: యునైటెడ్ కింగ్‌డమ్‌కు స్వాగతం! మేం అడుగు కదపలేదు. పాయకు అవతల కనిపించే నీలం కొండలు ఉత్తర ఐర్లండ్‌వి, అంటే బ్రిటన్ ఏలుబడిలోవి. అక్కడి సెల్ టవరుకు సరిహద్దులతో పని లేదు. ఒకప్పుడు ఈ సరిహద్దు మీద సైనికుల కాపలా, కాల్పులు, బాంబులు. 1998 ఒప్పందం తరువాత గేట్లు పోయాయి. దారిలో గీత కూడా కనపడదు. కానీ నా పాస్‌పోర్టులో ఉన్నది ఐర్లండ్ వీసా మాత్రమే. అవతలికి వెళితే చట్టం తప్పినట్టే. “అమ్మా, ఈ రోడ్డు వెంబడి వాకింగ్ అంటూ మరీ దూరం వెళ్లకు, పరాయి దేశంలో తేలతావు” అని మా అమ్మాయి హెచ్చరించింది.

ముందు కోట చూద్దామన్నాను. నీళ్ల పక్కన రాతి గుట్ట మీద, బూడిద రంగులో, పైకప్పు లేకుండా నిలబడి ఉంటుంది. పేరు కింగ్ జాన్స్ కాజిల్, జాన్ రాజు గారి కోట. సుమారు 1190 ప్రాంతంలో కట్టినది. పడమటి వాకిలి చూసి ఆశ్చర్యపోయాను. కోట ద్వారం అంటే ఏనుగులు దూరేంత ఉంటుందని కదా మన ఊహ! ఇది ఒక్క గుర్రపు రౌతు మాత్రమే పట్టేంత ఇరుకు. కావాలనే అలా కట్టారు. శత్రువు ఎంత సైన్యంతో వచ్చినా ఒక్కొక్కడుగానే లోపలికి రావాలి, ఒక్కొక్కడుగానే చావాలి.

ఇంతకీ జాన్ రాజు ఈ కోట కట్టించలేదు. కట్టించింది డి లేసీ అనే నార్మన్ ప్రభువుల కుటుంబం అంటారు. 1210లో ఇంగ్లండు రాజు జాన్ సైన్యంతో ఐర్లండ్ వచ్చింది ఆ డి లేసీల పొగరు అణచడానికే. వాళ్లను తరుముతూ ఉత్తరానికి పోతూ దారిలో ఇక్కడ మూడు రోజులు బస చేశాడని చెబుతారు. కట్టినవాళ్లను వెళ్లగొట్టి, మూడు రాత్రులు పడుకుని పోయినవాడి పేరు ఎనిమిది వందల ఏళ్లుగా కోటకు ఉండిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని మనం ఊరికే అనలేదు. ఆ ఏడాది మన ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్నాడు. మరో మూడేళ్లకు, 1213లో, రామప్ప గుడి వెలిసింది. ఆ గుడి ప్రభువు పేరుతో కాక శిల్పి పేరుతో నిలిచిందని జనం చెప్పుకుంటారు కదా. అక్కడ నిలబడి అది తలుచుకుంటే మనసుకు కాస్త హాయనిపించింది.

కోట దిగి ఊళ్లోకి నడిచాం. రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసినంత సన్నటి వీధులు. ఒక వీధికి అడ్డంగా రాతి గేటు ఉంది. దాన్ని థోల్‌సెల్ అంటారు. పూర్వం ఊళ్లోకి వచ్చే సరుకు మీద సుంకం పుచ్చుకున్న చోటు. తరువాత ఖైదీలను కూడా అందులోనే పెట్టారు. ఇంకొంచెం ముందుకెళితే మింట్ అనే పాత రాతి ఇల్లు. మింట్ అంటే టంకశాల. 1467లో ఈ ఊరికి నాణేలు కొట్టే హక్కు దక్కింది కానీ, ఈ ఇంట్లో నాణెం కొట్టిన దాఖలా లేదు. అయినా పేరు మాత్రం టంకశాలే! దాని కిటికీల చుట్టూ రాతిలో చెక్కిన అల్లికలు చూసి ఆగిపోయాను. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ తిరిగిందో పట్టుకోలేం. మా అమ్మ సంక్రాంతికి వేసే మెలికల ముగ్గు కిటికీ ఎక్కి కూర్చున్నట్టుంది. వేలితో గాలిలో ఆ మెలిక తిప్పుకుంటూ నిలబడితే, పక్కన పోతున్నవాళ్లు నాకేదో మంత్రం వచ్చనుకుని ఉంటారు.

ఇంత పాత ఊరు చెదరకుండా ఎలా మిగిలింది? ఎవరో కాపాడితే మిగల్లేదు. ఊరు చితికిపోయింది కాబట్టి మిగిలింది. ఒకప్పుడు ఇది మంచి రేవు. పదిహేడో శతాబ్దమంతా తిరుగుబాట్లు, యుద్ధాలు. ఆ పైన పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో, ఈ పాయలో గుంపులుగా దొరికే హెర్రింగ్ చేపలు ఒక్కసారిగా బయటి సముద్రానికి తరలిపోయాయి. చేప పోయింది, వ్యాపారం పోయింది. ఫ్యాక్టరీలు రాలేదు. పాత గోడ పడగొట్టి కొత్త మేడ కట్టడానికి ఎవరి చేతిలోనూ డబ్బు లేదు. రైలు వచ్చింది కానీ 1951 ఆఖరుతో అదీ ఆగిపోయింది. ఆ పట్టాల దారి ఇప్పుడు నడిచేవాళ్లకూ సైకిళ్లకూ బాట. అలా కలిగిన రోజుల్లో కట్టిన ఊరు లేమి రోజుల్లో భద్రంగా నిలిచింది.

సరిగ్గా అప్పుడు వాన మొదలైంది. మన వానలా ఉరుములతో, మట్టివాసనతో చెప్పి రాదు. అడ్డంగా, సన్నగా, జల్లెడ పట్టినట్టు వస్తుంది. గొడుగు తిరగబడింది. “పదమ్మా, ఆ పబ్బులో కూర్చుందాం” అంది మా అమ్మాయి. నేను రానన్నాను.

ఎందుకు రానన్నానో మీకు చెప్పాలి. 1992లో నేను నెల్లూరు జిల్లాలో పని చేస్తున్నాను. పగలు బడి, సాయంత్రం పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం తరగతులు. దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టుకు అడ్డం నిలబడింది ఆ ఏడే. పలకా బలపం పట్టిన చేతులే చీపుర్లు పట్టాయి. మరుసటి సంవత్సరం సారా నిషేధం వచ్చింది. ఆ రోజులు కళ్లారా చూసినదాన్ని. అరవై దాటాక, కూతురు చెయ్యి పట్టుకుని, తాగే చోట అడుగు పెట్టడమా? పబ్బు అంటే మన పట్నాల్లో చీకటి, రంగు దీపాలు, చెవులు పగిలే చప్పుడు. మా అల్లుడు మెల్లగా అన్నాడు: “అత్తయ్యా, ఇక్కడ టీ కూడా ఇస్తారు.” వాన ఇంకొంచెం అడ్డం తిరిగింది. నా పట్టుదల సడలింది.

తలుపు తీస్తే ఎదురుగా కిరాణా కొట్టు. తప్పు చోటికి వచ్చామనుకున్నాను. చెక్క బల్ల, దాని వెనక గోడ నిండా అరలు, డబ్బాలు. అది దాటి లోపలికి వెళితే బండలు పరిచిన నేల, తక్కువ ఎత్తు కప్పు, ఒక మూల మండుతున్న పొయ్యి. పొగాకు కంపు లేదు. పని చేసే చోట్లన్నింటా, పబ్బులతో సహా, 2004లో పొగ తాగడం నిషేధించారు. దేశమంతటా అలా నిషేధించిన మొదటి దేశం ఐర్లండే. కొట్టూ పబ్బూ ఒకే కప్పు కింద ఉండటం ఇక్కడి పాత పద్ధతి. ముందు గదిలో పప్పూ ఉప్పూ, వెనక గదిలో పానీయం. కొన్ని పల్లెల్లో పబ్బు నడిపేవాళ్లే శవాన్ని సాగనంపే ఏర్పాట్లు కూడా చూస్తారు. పుట్టిన బిడ్డకు పాల డబ్బా దగ్గర నుంచి కాటిదాకా ఒకే గుమ్మం అన్నమాట!

నా టీ వచ్చింది. చిన్న కెటిల్ నిండా, పక్కన పాలు. మా అల్లుడు గిన్నెస్ చెప్పాడు. దాన్ని పోసే తీరు చూడవలసిందే. గ్లాసు వాల్చి ముప్పావు వంతు నింపి, కౌంటరు మీద పెట్టేసి ఆ అబ్బాయి ఇంకో పని చూసుకుంటాడు. గ్లాసులో గోధుమరంగు అలలు పై నుంచి కిందికి దిగుతున్నట్టు కనిపిస్తాయి. అడుగున నలుపు చేరుతూ చేరుతూ పైకి వస్తుంది. అంతా తేరాక మిగతా పావు నింపి, మీగడలాంటి నురగతో చేతికిస్తాడు. ఈ మొత్తానికి 119.5 సెకన్లు పట్టాలని ఆ కంపెనీ లెక్క. తొందరపెట్టినవాణ్ణి ఎగాదిగా చూస్తారు. అల్లుడి ముందు పళ్లెంలో అరడజను ఆల్చిప్పలు. ఈ పాయలో పెంచే ఆల్చిప్పలకు మంచి పేరు. వండరు, నిమ్మకాయ పిండి పచ్చివే మింగేస్తారు. నెల్లూరుదాన్ని, చేపల పులుసంటే ప్రాణం పెడతాను. అయినా ఆ పూట కళ్లతో తినడమే చాలనుకున్నాను.

పబ్బుల్లో ఒక మూల చెక్క తలుపుతో చిన్న గది ఉంటుంది. దాన్ని స్నగ్ అంటారు. తాగడం నలుగురి కంటా పడకూడదనుకునే ఆడవాళ్లు, ఫాదర్లు అందులో కూర్చునేవారట. ఆడవాళ్లకు అరగ్లాసు పోస్తారు గానీ నిండు గ్లాసు పోసేది లేదని మొండికేసిన పబ్బులు నిన్న మొన్నటిదాకా ఉండేవి. 1970లలో నెల్ మెకాఫర్టీ అనే జర్నలిస్టు, ఇంకో ముప్పై మందిదాకా ఆడవాళ్లు డబ్లిన్‌లో ఒక పబ్బుకు వెళ్లారు. అందరికీ బ్రాందీ చెప్పారు, వచ్చింది. ఆ తరువాత ఒకే ఒక్క నిండు గ్లాసు బీరు అడిగారు. ఇచ్చేది లేదన్నారు. అయితే మా ఆర్డరు పూర్తి కాలేదు కాబట్టి డబ్బు ఇవ్వం అని బ్రాందీ తాగేసి వచ్చేశారు! చీపుర్లు పట్టుకున్న మా ఆడవాళ్లు సీసా మూయించడానికి పోరాడితే, వీళ్లు గ్లాసు నింపించుకోవడానికి పోరాడారు. మొదట నవ్వొచ్చింది. టీ అయిపోయేసరికి రెండూ ఒకటే తగాదా అనిపించింది. ఈ చోటు ఎవరిది, ఇక్కడ మాట ఎవరిది అన్నదే కదా రెండింటా ప్రశ్న!

తాగుడు తెచ్చిన గోస ఈ దేశానికి తెలియదనుకోకండి. 1838లో కార్క్ నగరంలో ఫాదర్ మాథ్యూ అనే మతగురువు ఇక ముట్టేది లేదని ఒట్టు పెట్టించే ఉద్యమం మొదలుపెడితే లక్షల మంది ఒట్టు వేశారు. ఇప్పటికీ మా పక్క బల్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు సోడా మాత్రమే తాగుతున్నారు. మరి పబ్బుకెందుకు వచ్చారు? మాట్లాడుకోవడానికి. అక్కడే నాకు అర్థమైంది. మనకు ఊరి మధ్య రావిచెట్టూ, దాని కింద రచ్చబండా ఉంటాయి. ఏడాదిలో ఎన్నో రోజులు వాన పడే ఊళ్లో రచ్చబండ వేస్తే ఎవరు కూర్చుంటారు? దానికి నాలుగు గోడలు కట్టి, కప్పు వేసి, పొయ్యి పెట్టారు. అద్దె కింద ఒక గ్లాసు కొనాలి, అంతే తేడా.

ఆ రచ్చబండ మీద తయారయ్యే మాటలు ఎలాంటివో ఒకటి చెబుతాను. ఈ ఊళ్లో పీజే ఓహేర్స్ అనే పబ్బులో అద్దాల పెట్టెలో ఒక చిన్న కోటూ, ఎముకలూ, నాలుగు బంగారు నాణేలూ ఉన్నాయి. లెప్రెకాన్ అని, జానెడు మనిషి. జోళ్లు కుడతాడు, కుండ నిండా బంగారం దాచుకుంటాడు. 1989లో కొండ మీద ఒక కేక వినిపించిందనీ, వెళ్లి చూస్తే అలాంటివాడి బట్టలు దొరికాయనీ కథ. కొన్నాళ్లకు ఇంకొంచెం ముదిరింది. యూరప్ వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఈ కొండ మీది చెట్లతో, జంతువులతో పాటు ‘చిన్న మనుషులకు’ కూడా రక్షణ ఉందని బోర్డు పెట్టారు. లేరని రుజువు చెయ్యలేం కాబట్టి ఉన్నారని ఒప్పుకున్నారట! ఎవరూ నవ్వకుండా చెబుతారు. మన పల్లెల్లో మర్రిచెట్టు దయ్యం గురించి చెప్పే పెద్దమనిషి ముఖం గుర్తొచ్చింది. నమ్మమని అడగడు, అడ్డు తగలొద్దని మాత్రం అడుగుతాడు.

సాయంత్రమైంది. ఒకావిడ ఫిడేలు తీసింది. ఒకాయన జేబులోంచి చిన్న రేకు పిల్లనగ్రోవి తీశాడు. ఇంకో కుర్రాడు బౌరాన్ అనే వాద్యం తీశాడు. గుండ్రటి చెక్క చట్రానికి బిగించిన మేకతోలు. ఇది డప్పే కదా అనుకున్నాను. కుర్రాడు దాన్ని పొయ్యి వేడికి కాసేపు చూపించాడు. తడి గాలికి తోలు సడలుతుంది. మన డప్పు కళాకారులు గడ్డిమంటకు చూపించినట్టే! వేదిక లేదు, మైకు లేదు. తమ బల్ల చుట్టూ కూర్చుని తమలో తాము వాయించుకున్నారు. వినేవాళ్లు వింటారు, మాట్లాడుకునేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

మధ్యలో విరామం. సోడా తాగుతున్న పెద్దాయన నన్ను పలకరించారు. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం చేసేవారు? కథలు చెప్పేదాన్ని అన్నాను. అయితే మా ఊరి కథ వినండి అని మొదలుపెట్టారు. ఈ ద్వీపకల్పం పేరు కూలీ. ఐర్లండ్ పురాణాల్లో అన్నిటికంటే పెద్ద కథ ఇక్కడి ఎద్దు కోసం జరిగింది. మేవ్ అనే రాణి, ఆమె భర్త ఆలిల్ ఒక రాత్రి పడుకుని ఎవరి ఆస్తి ఎక్కువని లెక్కపెట్టుకున్నారు. కుండలు, నగలు, గొర్రెలు, గుర్రాలు అన్నీ సరిసమానం. భర్త మందలో ఒక తెల్లటి ఆంబోతు మాత్రం ఎక్కువ. దానికి దీటైనది కూలీలో ఉన్న గోధుమరంగు ఆంబోతు ఒక్కటే. ఏడాది అప్పుగా ఇవ్వమని మేవ్ దూతలను పంపింది. యజమాని సంతోషంగా ఒప్పుకుని విందు పెట్టాడు. ఆ రాత్రి దూతల్లో ఒకడు తాగి వాగాడు: ఇవ్వకపోతే లాక్కుపోయేవాళ్లం! ఆ మాట యజమాని చెవిన పడింది. బేరం చెడింది. యుద్ధం వచ్చింది.

“చూశారా,” అన్నాను నేను, “మా నెల్లూరు ఆడవాళ్లు అన్నదీ అదే.”

ఆయన నవ్వి కథ ముగించారు. కూలీ ఉన్న అల్‌స్టర్ రాజ్యపు వీరులంతా ఒక శాపం వల్ల మంచాన పడి ఉంటే, పదిహేడేళ్ల కుర్రాడు కూహులిన్ ఒక్కడే మేవ్ సైన్యాన్ని నిలువరించాడు. చివరికి రెండు ఆంబోతులూ కుమ్ముకున్నాయి. తెల్లది చచ్చింది. గోధుమది ఇంటిదాకా వచ్చి గుండె పగిలి పడిపోయింది. ఎవరికీ ఏమీ మిగల్లేదు.

నాకు ఒళ్లు జలదరించింది. పశువుల కోసం సైన్యం రావడం, వీరులు దగ్గర లేకపోవడం, ఒక్కడే ఎదురు నిలవడం. ఇది నేను ముప్పై అయిదేళ్లు చెప్పిన పాఠం! టీ పక్కన పెట్టి మొదలుపెట్టాను. విరాటుడి కొలువు, బృహన్నల వేషంలో అర్జునుడు, దక్షిణాన సుశర్మ ఆవులను తోలుకుపోతే రాజు అటు పరుగెత్తడం, ఉత్తరాన కౌరవులు వచ్చిపడటం, ఉత్తరకుమారుడి బడాయి, పారిపోతున్న వాణ్ణి పట్టి తెచ్చి సారథిని చెయ్యడం, జమ్మిచెట్టు మీది గాండీవం. పక్క బల్లవాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఫిడేలావిడ కమాను ఒళ్లో పెట్టుకుంది.

“మరి ఆవులు?” అని అడిగారు పెద్దాయన.

“అన్నీ ఇంటికొచ్చాయి” అన్నాను. ఆయన ముఖంలో సంతోషం చూడాలి!

ఊరుకోవచ్చు కదా, పంతులమ్మ బుద్ధి! “మా వైపు ఈ కథ చదివితే వానలు పడతాయని నమ్మకం” అని కూడా చెప్పాను. ఆయన తల తిప్పి కిటికీ వైపు చూశారు. బయట ధార కట్టి కురుస్తోంది. మళ్లీ నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అన్నారు: “అమ్మా, దయచేసి ఇంకెప్పుడూ ఈ ఊళ్లో చదవకండి.”

పబ్బంతా గొల్లుమంది.

వచ్చేటప్పుడు కారులోంచి వానలో తడుస్తున్న కోట మళ్లీ కనిపించింది. జాన్ రాజు మూడు రోజులుండి పేరు వదిలి వెళ్లాడు. నేనున్నది ఒక్క పూట. నా పేరు అక్కడ ఎవరూ అడగలేదు. కానీ ఆ పెద్దాయన ఈపాటికి ఆ కథ ఎవరికో చెప్పే ఉంటారు. అర్జునుడి పేరు నోరు తిరగక ఏమైపోయిందో, జమ్మిచెట్టు ఏ చెట్టయిందో తెలియదు. ఆవులు మాత్రం ఇంటికొచ్చే ఉంటాయి. వాన పడితే తప్పు నా మీద వేస్తూ ఉంటారు.